గడప దాకా రాని విచారణ

తోటపల్లి గూడూరు మండలం,
శుక్రవారం, 1 ఆగస్టు 2025.

రేవతికి,

షాహనా రాస్తున్నది. ఉత్తరంలో ముందు ఎదుటివాళ్ల క్షేమం అడగాలి, మన గోడు తర్వాతే అని కాన్వెంటులో సిస్టర్ డెబోరా మనకు నేర్పింది కదా. అందుకని ముందు అడుగుతున్నాను. మీ ఇంట్లో ముగ్గురూ బాగున్నారని తలుస్తాను. ముగ్గురూ అని రాయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఇక్కడ అమ్మ, నేను బాగానే ఉన్నాం.

ఈ ఉదయం నీళ్ల క్యాను తెచ్చుకుంటూ మీ దండెం వైపు చూశాను. మీ నాన్న తెల్ల చొక్కా ఆరేసి ఉంది. విడుదలైన రోజు తర్వాత ఆ చొక్కా బయట కనిపించడం ఇదే మొదటిసారి. చిన్నాయన తిరగేసి ఆరేశాడు కాబట్టి లోపలి కుట్లు కనిపించాయి. కాలరు కింద ఏటవాలుగా వెళ్లే కుట్టు. ఆ కుట్టు మా నాన్నది. మన ఊళ్లో ఇంకెవరూ అలా కుట్టరు.

నీకు తెలియదేమో, చెబుతాను. నాన్న జైల్లో కుట్టు పనిలో ఉన్నాడు కదా. మీ నాన్న పేరు విడుదల జాబితాలో వస్తుందని తెలిసిన వారంలో ఆ చొక్కా కుట్టాడు. గుడ్డ జైలు దుకాణంలో కొన్నది. కొలతలు తీసుకోలేదట. ఇన్నేళ్లుగా తెలిసిన ఒళ్లు, దానికి టేపెందుకు అన్నాడట. పొట్ట దగ్గర బొత్తాం నిలవదని దానికి మాత్రం దారం ఎక్కువ చుట్లు వేశాడు. ములాఖత్‌కు వెళ్లినప్పుడు తనే నవ్వుతూ చెప్పాడు. అదే గుడ్డలో తనకూ ఒకటి కుట్టుకున్నాడు. అది ఇంకా లోపలే ఉంది.

నాకు అసూయగా ఉంది రేవతీ. ఈ మాట ముందే రాసేస్తే మిగతాది రాయగలనని రాస్తున్నాను.

ఆరిళ్ల అవతల ఉన్న మనిషికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో నాలుగు ముక్కలు పంపవచ్చు. పంపితే నువ్వు వెంటనే ఫోను చేస్తావు. ఫోనులో నాకు మాట రాదు. ఎదురుగా అయితే అసలే రాదు. కాగితం మీద అయితే నువ్వు మధ్యలో అడ్డం రావు.

మనం ఎన్నడూ మాట్లాడుకోని సంగతితో మొదలుపెడతాను. మా నాన్న టైలరు, మీ నాన్నది సేద్యం. ఇద్దరూ కలిసి రొయ్యల గుంట కౌలుకు తీసుకున్నారు. రొయ్య పట్టేశాక గుంటలోని ఉప్పునీళ్లు కాలవలోకి వదిలారు. ఆ కాలవ కిందనే తిరుపాలన్న నారుమడి. నారు మాడిపోయింది. తెల్లవారి తూము దగ్గర ముగ్గురికీ గొడవ అయింది. పార తగిలి తిరుపాలన్న చనిపోయాడు. పార ఎవరి చేతిలో ఉందో కోర్టులో తేలలేదు. ఇద్దరి ఉద్దేశమూ ఒకటేనన్నారు, ఇద్దరికీ జీవిత ఖైదు వేశారు. నువ్వు మీ నాన్నను ఏమీ అడగలేదు. నేను మా నాన్నను ఏమీ అడగలేదు. అడగకూడదని మనిద్దరం ఒట్టు పెట్టుకోలేదు. అడగలేదు, అంతే.

ఒకే కేసు, ఒకే సెక్షను, ఒకే రోజు తీర్పు. అందువల్ల ఆ ఒక్క విషయంలోనైనా మనిద్దరం సమానమని అనుకునేదాన్ని. మిగతా వాటిలో ఎప్పుడూ కాదు. కాన్వెంటులో వక్తృత్వం పోటీకి వ్యాసం నేను రాసేదాన్ని, నువ్వు వేదిక ఎక్కి చెప్పేదానివి. నా వాక్యం దగ్గర జనం చప్పట్లు కొట్టేవాళ్లు, నువ్వు నమస్కారం పెట్టేదానివి. అప్పుడు కూడా నాకు ఏడుపు వచ్చేది, వెనక బెంచీలో కూర్చుని టిఫిను డబ్బా విప్పేదాన్ని. దాన్ని ఆకలి అనుకునేదాన్ని.

తర్వాత పెట్రోలు బంకు వచ్చింది. జైలు వాళ్ల బంకులో పనికి మీ నాన్నను వేశారు. నువ్వు స్కూటీ కొన్నావు. ట్యాంకు నిండా ఉన్నా మళ్లీ కొంచెం పోయించుకోవడానికి హైవే దాకా వెళ్లేదానివి. ఒకసారి నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లావు. చిన్నాయన పైపు పట్టుకుని, సున్నా చూసుకోమ్మా అన్నాడు, అందరితో అన్నట్టే. నువ్వు డబ్బులిచ్చావు. ఆయన చిల్లర ఇస్తూ నీ చెయ్యి ఒక క్షణం పట్టుకుని వదిలాడు. వెనకనున్న లారీవాడు, ఏందబ్బా, పెట్రోలు పోయించుకుంటుండావా పెళ్లిచూపులు చూసుకుంటుండావా అని హారను కొట్టాడు. మీ నాన్న పగలబడి నవ్వాడు. నువ్వూ నవ్వావు. నేను స్కూటీ దిగి పక్కన నిలబడి చూశాను. మా నాన్నను నేను చూసేది జాలీ వెనక. ఆ జాలీలో నుంచి చిటికెన వేలు కూడా దూరదు. ఎండలో నిలబడిన నాన్నను నేను చూసి ఎన్నేళ్లయిందో ఆ రోజు దారి పొడుగునా లెక్క వేసుకుంటూ వచ్చాను. నువ్వు నాకు చెరుకురసం ఇప్పించావు.

ఇక జనవరి ఇరవై ఆరు, విడుదల రోజు. ఆ రోజు గురించి నువ్వు నాతో ఒక్కసారైనా మాట్లాడతావని చూశాను. ఇద్దరి పేర్లూ పంపారని లోపలి నుంచి కబురు వచ్చింది కాబట్టి రెండిళ్లవాళ్లం కలిసే ఆటో మాట్లాడుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరు మగవాళ్లు ఉంటారని పెద్ద ఆటో. అమ్మ తెల్లవారుజామునే లేచి పలావు వండి క్యారియరులో పెట్టింది. జైలు గేటు ముందు పందిరి వేశారు. పేర్లు పిలిచారు. మీ నాన్న తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. నువ్వు పరిగెత్తావు. నేను క్యారియరు పట్టుకుని ఇంకా గేటు వైపే చూస్తున్నాను. తలుపు మూసేశారు. అమ్మ వెళ్లి అడిగితే, లిస్టులో ఉండేది అంతేనమ్మా అని గేటు దగ్గరి మనిషి చెప్పాడు.

వచ్చేటప్పుడు ఆటోలో ఒక సీటు మిగిలింది. నువ్వు దాని మీద కమలాల సంచి పెట్టావు. పెట్టి నా వైపు తిరిగి, ఈసారి కాకపోతే వచ్చేసారి వస్తాడులే షాహీ అన్నావు. నువ్వు మంచిగానే అన్నావు. నాకు మాత్రం ఆ సంచి తీసి రోడ్డు మీద విసిరెయ్యాలనిపించింది. ఇల్లు చేరేదాకా ఆ పళ్ల వాసన వస్తూనే ఉంది. అందుకే ఆ రోజు నుంచి మీ గుమ్మం ఎక్కలేదు.

ఆ తర్వాత నేను చూసినవన్నీ చెబితే నీకు నవ్వు వస్తుంది. మీ మెట్ల మీద పెద్ద చెప్పులు. పొద్దున్నే మగ దగ్గు. చేపల పులుసులో ఉప్పు లేదని ఆయన, జైల్లో రోజూ విందు పెట్టినారా నీకు అని మీ అమ్మ. ఒకరోజు బస్టాపులో నువ్వు ఎవరితోనో చెబుతుంటే విన్నాను. మా నాయన ఇంకా చీకటి ఉండగానే లేచి చాప మీద నిటారుగా కూర్చుంటాడు, జైల్లోలాగా లెక్క పెట్టేదానికి ఎవరో వస్తారని చూస్తాడు, మాకు నిద్ర లేకండా చేస్తుండాడు అన్నావు. ఆ ఫిర్యాదు నాకు కావాలి రేవతీ. అలాంటిదే ఒకటి నేనూ బస్టాపులో నిలబడి, విసుగ్గా ముఖం పెట్టి, ఎవరికైనా చెప్పాలి.

మాట్లాడటం రాదు కాబట్టి రాశాను. సమాచార హక్కు కింద అడిగాను. ఎంతమంది పేర్లు పంపారు, ఎంతమందిని వదిలారు, మిగిలినవాళ్లను ఏ కారణంతో ఆపారు. సమాచారం సిద్ధంగా లేదని జవాబు వచ్చింది. అప్పీలు చేశాను. పిలిచారు. అధికారి నా కాగితం చూసి, ఇంత బాగా రాసినావు, నోరు తెరవవేంది, మూగదానివా అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేను ఇంకో కాగితం ఇచ్చాను. చివరికి, మా నాన్న విషయం వరకు, ఒక్క వాక్యం రాసి పంపారు. గ్రామంలో జరిపిన విచారణలో మృతుని తల్లి అభ్యంతరం తెలిపినందున పరిశీలించలేదు అని.

ఆ వాక్యాన్ని నేను నమ్మాను. ఇది నీకు సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే నా కోపం అంతా అక్కడి నుంచే వచ్చింది. తిరుపాలన్న పోయినప్పటి నుంచి మన రెండిళ్లవాళ్లం అతని తల్లి రాఘవమ్మవ్వ గడప తొక్కలేదు. చావుకు కారణమైన ఇంటివాళ్లు, పోయినవాళ్ల ఇంటి నుంచి పిలుపు వచ్చేదాకా ఆ గుమ్మం ఎక్కకూడదు. కుళాయి దగ్గర అవ్వ ఉంటే బిందె పక్కన పెట్టి, ఆమె వెళ్లేదాకా దూరంగా నిలబడతాం. మనకు ఎవరూ నేర్పలేదు, ఊళ్లో అంతే. అందువల్ల అవ్వా, నువ్వు నిజంగా వద్దన్నావా అని వెళ్లి అడగాలని నాకు తోచనే లేదు. మనకైతే ఆ గడప అడ్డం. ప్రభుత్వానికి ఏమి అడ్డం? వాళ్లు వెళ్లి ఉంటారు, అడిగి ఉంటారు అనుకున్నాను.

మరి ఇద్దరిలో ఒకరికే ఎందుకు వద్దంటుంది? నేను కూర్చుని ఆలోచించాను. ఒకసారి అవ్వ బిందె నువ్వు ఎత్తి ఆమె నడుము మీద పెట్టడం చూశాను. మీ అమ్మ మునగకాయలు కోసి పక్కింటి పిల్ల చేత ఆమెకు పంపడం చూశాను. ఆ రెండూ కలిపి ఒక పెద్ద కథ అల్లుకున్నాను. నువ్వు ఎవరికీ తెలియకుండా వెళ్లి అవ్వ కాళ్లు పట్టుకుని మీ నాన్న కోసం ఒప్పించావని, నన్ను తోడు తీసుకెళ్లలేదని. మాట వచ్చినవాళ్ల నాన్నలు బయటికి వస్తారు, మాట రానివాళ్ల నాన్నలు లోపల ఉంటారు అని. ఆ కథను నెలల తరబడి రోజూ తుడిచి మెరుగుపెట్టుకున్నాను.

పోయిన నెలలో గ్రామ సచివాలయానికి వెళ్లాను. అమ్మ రేషను కార్డుకు వేలిముద్ర పని. నా ముందు అవ్వ ఉంది. ఆమె వేలు మిషను తీసుకోవడం లేదు. నీ వేలు నీది గాదంటుంది అవ్వా మిషను అన్నాడు కంప్యూటరు దగ్గరి అబ్బాయి. నాది గాకుంటే ఎవురిదిరా, మీ అమ్మదా, సరిగ్గా చూడు అంది ఆమె. అందరూ నవ్వారు. తడి గుడ్డతో తుడుచుకుంటే పడుతుందేమో అన్నాడు. ఎవరి దగ్గరా గుడ్డ లేదు. నా రుమాలు తడిపి ఇచ్చాను. ఆమె తీసుకుంది. తీసుకున్నాక నా ముఖం చూసింది. సిలారు కూతురివి గదా అంది. అవునన్నాను. ఆమె రుమాలు వెనక్కి ఇవ్వలేదు, వేలు తుడుచుకుంటూనే ఉంది.

నాకు నోరు ఎలా వచ్చిందో తెలియదు. మా నాన్నను వదలొద్దని ఎందుకు చెప్పావవ్వా అని అడిగాను.

ఎవురితో జెప్పినా అంది.

విచారణకు వచ్చినవాళ్లతో అన్నాను.

ఎవురొచ్చినారు నా ఇంటికి అంది. నా ఇంటికి కుక్క తప్ప ఎవురూ రాలా. మీరూ రాలా, ఆ సర్కారోళ్లూ రాలా. నేను వద్దన్నానని ఎవురు రాసినారు? నా కొడుకు పోయినాడు. వాళ్లని వదలాల్నా వద్దా అని అడగాల్సి వస్తే నన్ను అడగాల్నా, లేదంటే వాళ్లే నా పేరు పెట్టి రాసుకుంటారా? తిట్టేదానికి గూడా నాకొక మనిషిని పంపీలా.

వచ్చి ఉంటే ఏమి చెప్పేదానివి అని అడిగాను. అది వచ్చినోడికి జెప్తా, నీకెందుకు జెప్తా అంది. రుమాలు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. మిషను చివరికి ఆమె వేలు తీసుకుందో లేదో నేను చూడలేదు.

ఇంటికి వచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ ప్రార్థన మధ్యలో ఆపి నా వైపు చూసింది. ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఒక వాక్యం రాసుకున్నాడు. ఈ ఊరి దాకా రాలేదు. వచ్చినట్టు రాశాడు. ఆ వాక్యం పట్టుకుని నేను ముసలామెను చూసి వీధి మారాను, నిన్ను చూసి తల తిప్పుకున్నాను. నువ్వు వెళ్లలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. నేను అల్లిన కథ కూలిపోయింది. అసూయ మాత్రం కూలలేదు. కారణం లేకుండా కూడా అది బాగానే నిలబడుతుందని ఇప్పుడు తెలిసింది.

నెల్లూరులో న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఉష గారని ఒక లాయరు ఉన్నారు. ఆమె దగ్గరికి వెళ్లాను. కొత్త జాబితా తయారవుతున్నది కాబట్టి మా నాన్న సంగతి మళ్లీ విచారించమని ఆమె అర్జీ పెట్టారు. సోమవారం పదకొండు గంటలకు విచారణకు పిలిచారు. రాఘవమ్మగారు తన నోటితో, నా దగ్గరికి ఎవరూ రాలేదు అని చెబితే పాత రిపోర్టు పక్కన పెట్టక తప్పదని ఉష గారు అంటున్నారు. ఈసారి తప్పితే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

మరి ఆ రిపోర్టు రాసిన మనిషిని ఎవరు అడుగుతారు అని నేను అడిగాను. కాగితం మీద రాసి అడిగాను, ఆమె ఎదురుగానే. ఉష గారు చదివి నవ్వారు. అది వేరే పోరాటం షాహనా, ముందు మీ నాన్నను బయటికి తెచ్చుకో అన్నారు. నాకు రెండూ కావాలి. నాన్న ఉండే బ్యారకులో ఒకరు అటు తిరిగి పడుకుంటే వరసలో అందరూ అటే తిరగాలట. జైళ్లు నిండిపోయాయని ప్రభుత్వమే చెబుతుంది. అర్హత ఉన్నవాళ్లను వదులుతూనే ఉన్నామని కూడా అదే చెబుతుంది. ఆ రెండు మాటల మధ్య మా నాన్న పక్కకు ఒత్తిగిలి పడుకుంటున్నాడు. ఎవరిని ఎందుకు ఆపారో ఒక్కొక్క పేరుకూ ఎవరైనా జవాబు చెప్పాలి. వాక్యం రాసినవాడి పేరు ఆ వాక్యం కింద ఉండాలి. అది కూడా నేను రాసి పెట్టుకున్నాను, సోమవారం చదవడానికి.

అవ్వ వస్తానంది. పోయిన ఆదివారం ఆమే కబురు పంపితే గుమ్మం దాకా వెళ్లాను. గడప ఇవతలే నిలబడ్డాను. ఆమె లోపలి నుంచే మాట్లాడింది. వస్తా గానీ మీ నాయన కోసం రావడంలా అంది. నన్ను అడక్కండా నా పేరు రాసినోడి ముఖం చూద్దామని వస్తుండా అంది. అక్కడ నన్ను అడిగితే నా నోటికి ఏమొస్తుందో నాకే తెలీదు, ముందే జెప్తుండా అంది. బస్సులో ముందు సీటులో నేను కూర్చుంటా, నువ్వు నా పక్కన కూర్చోబాక, ఊళ్లోవాళ్లు చూస్తే మనం కలిసిపోయినామనుకుంటారు అంది. సరే అన్నాను. టిక్కెట్టు మాత్రం నువ్వే కొను అంది.

ఆమె అక్కడ వద్దని కూడా అనవచ్చు. అది ఆమె హక్కు. నాకు భయంగా ఉంది. అయినా ఆమెను నిజంగా అడిగితే ఆమె చెప్పిన మాట అది అవుతుంది. దాన్ని నేను మోయగలను.

నేను నిన్ను అడగదలుచుకున్నది ఇది. సోమవారం నాతో రా. అక్కడ నాకు నోరు రాదు, నీకు తెలుసు. కాగితం ఇస్తే వాళ్లు తీసుకుని ఫైలులో పెట్టుకుంటారు. ఎవరో ఒకరు నిలబడి గట్టిగా చదవాలి. నేను రాస్తాను, నువ్వు చెప్పు, బళ్లోలాగా. ఈసారి చప్పట్లు ఉండవు కాబట్టి నాకు ఏడుపు రాదు. ఎనిమిది గంటల బస్సుకు బస్టాపులో ఉంటాను.

నువ్వు వస్తే కూడా నాకు అసూయ పోతుందని మాట ఇవ్వలేను. నువ్వు వాళ్ల ముందు నిలబడి మా నాన్న గురించి మాట్లాడుతుంటే, మా నాన్న పేరు నీ నోట్లో అంత తేలిగ్గా ఎలా వస్తున్నదా అని నేను వెనక కూర్చుని కుళ్లుకుంటూనే ఉంటాను. అయినా రా.

మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు. ఈ కవరు అంటించి నీ స్కూటీ ముందు అరలో పెడుతున్నాను. ఇంట్లో ఎవరి ముందూ విప్పవద్దు.

ఇట్లు,
ఆరిళ్ల అవతలి నుంచి,
షాహనా.

తా.క. అంటించే ముందు మళ్లీ చదువుకున్నాను. అవ్వ ఆ రోజు సచివాలయంలో చెప్పినదాంట్లో సగమే రాశాను. నా ఇంటికి ఎవురూ రాలా అన్న తర్వాత ఇంకో మాట అంది. సిలారు గురించీ రాలా, ఆ పెంచలయ్య గురించీ రాలా, అతన్ని వదిలేసినారని వీధిలో చూసి తెలుసుకున్నా అంది. అంటే మీ నాన్నకు అభ్యంతరం లేదని రాసింది కూడా అదే కుర్చీలో కూర్చునే. ఒకరికి ఒకలాగా, ఇంకొకరికి ఇంకొకలాగా ఎందుకు రాశారో ఎవరికీ తెలియదు. సోమవారం అవ్వ రెండూ చెబుతుంది. ఒకటి అబద్ధమని తేలితే రెండోది కూడా నిలవదని, మీ నాన్న విడుదల తిరగదోడవచ్చని, మళ్లీ లోపలికి రమ్మనవచ్చని ఉష గారు చెప్పారు. రమ్మనకపోవచ్చు కూడా. ఆమెకూ తెలియదు.

ఇది తెలిసీ నిన్ను వచ్చి చదవమని అడిగాను.

చిన్నాయనకు ఇది తెలుసు. అవ్వ వీధిలో నిలబెట్టి చెప్పేసిందట. నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. మెట్టు మీదే కూర్చుని అమ్మతో మాట్లాడాడు. సోమవారం నేనూ వస్తా సుల్తానొదినా, నా గురించి గూడా ఎవురూ విచారించలేదని నేనే జెప్తా అన్నాడు. అమ్మ వద్దని ఏడ్చింది. లోపల ఉన్నన్నాళ్లూ మీ ఆయన గురక భరించలేక తన్నేవాణ్ణి, ఇప్పుడు ఆ గురక లేకండా నిద్ర రావడంలా, ఏం జేసేది అన్నాడు. వెళుతూ నాతో, రేవతికి జెప్పబాకమ్మా అన్నాడు. నేను తల ఊపాను.

వద్దని ఆయనతో నేను అనలేదు. అనాలని తెలుసు. నోరు తెరవలేదు. ఈసారి అది బిడియం కాదు.

అందుకే నీకు చెబుతున్నాను. ఆయన్ని ఆపదలుచుకుంటే ఇంకా రెండు రోజులు ఉన్నాయి.

ఆ తెల్ల చొక్కా ఆయన ఉతుక్కున్నది సోమవారానికి.